కుడి డబ్బా వెనుక అతుకు

"కరెంటు కొట్టి మనిషి పడిపోతే, వైరు గుంజినోణ్ణి పట్టుకోక పాట పాడినోణ్ణి పట్టుకుంటరా పాణీ?"

ఇన్‌స్పెక్టర్ కిషన్ రావు టోపీ తీసి చంకలో పెట్టుకొని తన మాటకు తనే నవ్వాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ కూడా నవ్వాడు. డిటెక్టివ్ సారంగపాణి మాత్రం గడియారం చూసుకున్నాడు. మంగళవారం పొద్దున పది గంటల పది నిమిషాలు.

"సాల్మన్‌ను కోర్టుకు ఎన్నింటికి తీసుకపోతరు సార్?"

"నాలుగింటికి. బాలకిషన్ బతికితే నిర్లక్ష్యం కేసు. పోతే ఖూనీ కేసు. అది నా చేతుల లేదు, డాక్టరు చేతుల ఉంది."

గడప దగ్గర నిలబడ్డ దీనమ్మ ఆ మాట విన్నది. చంకలో ఆరు నెలల బిడ్డ. రాత్రి నుంచి ఒళ్ళు కాలుతోంది. ఆమె తడిపిన కొంగు బిడ్డ నుదుటి మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. రేడియో మెకానిక్ సాల్మన్ ఆమె భర్త. ఆదివారం పొద్దున ఈ ఇంట్లో స్టీరియో సెట్టుకు కొత్త వైర్లు వేసి వచ్చాడు. ఆ సాయంత్రమే ఇంటి యజమాని బాలకిషన్ ఆ సెట్టు పక్కనే షాకు తగిలి పడిపోయాడు. సోమవారం సాయంత్రం సాల్మన్‌ను ఠాణాలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి దీనమ్మ నేరుగా సారంగపాణి గదికి వచ్చి, "మా ఆయన వైరు తప్పు పెట్టడు సారూ. అన్నం తినుడు మరుస్తడు గని వైరు మరువడు" అని ఒక్క మాట చెప్పి కూలబడింది.

"తాళం తియ్యి సిద్దిరాములూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సిద్దిరాములు బాలకిషన్ బావమరిది. బాలకిషన్‌కు కొత్తవాడలో ఉన్న పవర్‌లూమ్ షెడ్డు మీద మేస్త్రీ. ఆదివారం సాయంత్రం ఆరు నలభైకి బావను మొదట చూసింది అతనే. ఎడమ చేత్తో తాళం తీసి పక్కకు జరిగాడు.

గదిలో బల్ల మీద రికార్డు ప్లేయరు, దాని పక్కన ఆంప్లిఫయరు. రెండు మూలల్లో రెండు స్పీకరు డబ్బాలు, నడుమెత్తు ఇనుప స్టాండ్ల మీద. ఒక్కటే కుర్చీ, సరిగ్గా రెండు డబ్బాలకు నడుమ. ఆ ఇంట్లో ఇంకెవరూ ఈ గదిలో కూర్చునేవారు కారని ఆ కుర్చీయే చెబుతోంది. కుడి డబ్బా వెనుక నేల మీద సుద్దముక్క గీతలు.

సారంగపాణి నడుస్తూ గది నడుమ ఆగాడు. బూటు మడమతో నేలను రెండుసార్లు కొట్టి చూశాడు.

"ఇక్కడ నేల కొత్తది."

"ఈడ మగ్గం గుంత ఉండె సారూ" అన్నాడు సిద్దిరాములు. "మా అక్కది. పన్నెండేళ్ళ పిల్లప్పటి సంది గుంతల కాళ్ళు పెట్టి నేసేది. లగ్గమైనంక బావ ఆ మగ్గం ఈడికే తెచ్చి పెట్టిచ్చిండు. ఈ డబ్బాలు వచ్చినంక, గుంత ఉంటే మోత బోలుగ వస్తాందని పోయిన దీపావళికి సిమెంటు పోయించిండు."

"మీ అక్క ఏమన్నది?"

"ఏమంటది? ఏమనలే." కొంచెం ఆగి, "అప్పటి సంది పెద్దగ మాట్లాడుతనే లేదు" అన్నాడు.

"పాణీ, మగ్గాల ముచ్చట తర్వాత. వైరు చూడు." ఇన్‌స్పెక్టర్ కుడి డబ్బా వెనుకకు వేలు చూపించాడు. "బాలకిషన్ ఈడ పడ్డడు. కుడి అరచెయ్యి అడ్డంగ కాలింది. మీ సాల్మన్ పెట్టిన వైరు ఇదే. పొద్దుగాల ఇద్దరికి లొల్లి కూడ అయింది. పనిమనిషి చెప్పింది."

పనిమనిషి యాదవ్వను పిలిచారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"లొల్లి దేని మీద యాదవ్వా?"

"వైరు మీదనే సారూ. సికింద్రాబాదుల బొటనవేలంత లావు వైరు దొరుకుతదట, అది తెమ్మని అయ్య. గింత అర్రకు అంత లావు ఎందుకు, అతుకు లేకుంట, కొసలు బిగువుగ పెడితే ఇదే పాడుతదని ఆయన. చెవులుండాలె గని లావు ఎందుకన్నడు. ఇగ అయ్యకు కోపమొచ్చింది. నాకు చెవులు లేవంటవా అని ఒర్రిండు."

"తర్వాత?"

"తర్వాత నవ్వుకున్నరు. ఆ మెకానిక్ వైరు కొసలు ఇటుది అటు, అటుది ఇటు పెట్టి చూపెట్టిండు. దబ్ దబ్ అనే మోత మాయమైంది. మళ్ళ మార్చిండు, మళ్ళొచ్చింది. అయ్య చిన్నపిల్లగాని లెక్క చప్పట్లు కొట్టిండు. అమ్మ కూడ చాయ పళ్ళెం పట్టుకోని నిలబడి చూసింది, చాయ చల్లారిందాక."

"నువ్వు నవ్వుకున్నరని చెప్పలేదు గదా నాకు" అని ఇన్‌స్పెక్టర్ కసిరాడు.

"మీరు లొల్లి సంగతే అడిగిన్రు సారూ."

సారంగపాణి పెదవులు కొద్దిగా కదిలాయి. ఆంప్లిఫయరు మీట నొక్కి, రికార్డు మీద సూది దించాడు. పాట మొదలైంది. కుడి డబ్బా వెనుక మరలు వదులు చేసి వైరు రెండు కొసలూ బయటికి తీశాడు. అక్కడున్న చెంబులో వేళ్ళు ముంచి, తడిచేతులతో ఆ రెండు రాగి కొసలనూ గట్టిగా పట్టుకున్నాడు.

"సార్!" అని కానిస్టేబుల్ ఎగిరిపడ్డాడు. దీనమ్మ కళ్ళు మూసుకుంది.

పాట ఎడమ డబ్బాలో సాగుతూనే ఉంది. సారంగపాణి నిలబడే ఉన్నాడు.

"చీమ పాకినట్టు కూడ లేదు సార్. గింత సెట్టుల పాటను మోసే వైరుకు మనిషిని పడగొట్టే బలం ఉండదు. పదేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గ చేసిన. ఏ వైరు కరుస్తదో, ఏది మొరుగుతదో తెలుసు."

"స్తంభాలెక్కుడు వేరు, ఖూనీ కేసు వేరు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అయినా ఆయన గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "మరి అరచెయ్యి ఎట్ల కాలింది?"

"అడ్డంగ అన్నరు గదా. గీత లెక్కనా?"

"గీత లెక్కనే."

సారంగపాణి మోకాళ్ళ మీద కూర్చుని ఇనుప స్టాండు కడ్డీని చూశాడు. చూపుడు వేలంత కడ్డీ. నేలకు జానెడు ఎత్తున, వెనుక వైపు, నల్లరంగు గీరుకుపోయి ఉంది. ఆ చోట చిన్న నల్లటి మచ్చ, మచ్చ నడుమ రాగిరంగు మెరుపు. జేబులోంచి టేపు తీశాడు. అక్కడి నుంచి గోడ ప్లగ్గు వరకు కొలిచాడు.

"మూడున్నర అడుగులు. సార్, ఆయన వైరు ముట్టలేదు. డబ్బాను తిప్పి వెనుక చూద్దామని స్టాండు పట్టుకున్నడు. స్టాండుకు గోడలకెల్లి కరెంటు వచ్చింది. ఆ కరెంటు తెచ్చిన వైరు ముక్క ఇప్పుడు ఈ గదిల లేదు."

కిషన్ రావు వంగి మచ్చ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే ఇంక మంచిదే. నిర్లక్ష్యం కాదు, కావాలనే చేసిండు నీ సాల్మన్."

దీనమ్మ గోడకు ఆనుకుంది. బిడ్డ ఏడుపు అందుకుంది. ఆమె బిడ్డను భుజాన వేసుకొని వరండాలోకి పోయింది.

సారంగపాణి ఆమె వైపు చూసి, టేపు పట్టుకొని ఎడమ డబ్బా వైరు మొదలు నుంచి చివరి దాకా గోడ వెంట కొలిచాడు. ముప్పై అడుగులు. కుడి వైరు కొలిచాడు. ఇరవై ఆరు. మళ్ళీ కొలిచాడు. ఇరవై ఆరే.

"దీనమ్మా!" అని వరండాలోకి కేకేశాడు. "సాల్మన్ రెండు పక్కల వైరు ఎట్ల కోస్తడు?"

"సమానంగ సారూ" అని బయటి నుంచే జవాబు వచ్చింది. "జానెడు తేడా ఉన్నా పారేసి మళ్ళ కోస్తడు. కత్తెర నేనే అందిస్త."

"నాలుగడుగుల తేడా ఏ చెవికీ తెలువది సార్" అన్నాడు సారంగపాణి ఇన్‌స్పెక్టర్‌తో. "గని సాల్మన్ మనసు ఒప్పుకోదు. కుడి డబ్బా బల్లకు దగ్గరే, ఆ పక్క వైరు మిగిలి ఉంటది. అందులకెల్లి నాలుగడుగులు ఎవరో కోసుకున్నరు. అది చాలు, ప్లగ్గుకెల్లి స్టాండుకు. దొరికినా సాల్మన్ వైరే అంటరు. తెలివైన పనే."

కోసినచోటు కనిపెట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గోడ బీరువా వెనుక, చూపుకు అందకుండా, కుడి వైరుకు ఒక అతుకు. సాల్మన్ వేసింది అద్దంలాంటి పారదర్శకమైన జంట వైరు. లోపల ఒకటి ఎర్ర రాగి తీగ, ఒకటి తెల్ల తీగ. అతుకు దగ్గర ఎర్రదానికి తెల్లది, తెల్లదానికి ఎర్రది కలిసి ఉన్నాయి. రెండు అతుకులూ ఒకదాన్నొకటి తాకకుండా వాటి నడుమ ఒక గుడ్డపేలిక. పైన చుట్టిన నల్ల టేపు లేదు, అతికిన సీసం చుక్క లేదు. కాని సారంగపాణిని ఆపింది అది కాదు. అతుకు నాజూకు. మెకానిక్‌లు పురి తిప్పితే ముడి ఉబ్బుతుంది. ఇక్కడ తీగపోగులన్నీ పక్కపక్కన పడుకొని, ఒకదానిలో ఒకటి ఇమిడి, వైరు కన్నా లావు కాకుండా సాగిపోయాయి. పోగుల నడుమ సన్నని బూడిదరంగు పొడి. అతను దాన్ని వేలి కొనకు అద్దుకొని చూశాడు. ఎక్కడో చూసిన పని. ఎక్కడో గుర్తుకు రాలేదు.

అప్పుడే హాల్లో ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ పోయి మాట్లాడి వచ్చాడు. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

"పెద్ద దవాఖానకెల్లి. బాలకిషన్ కళ్ళు తెరిచిండట. పన్నెండింటికి మాట్లాడచ్చన్నడు డాక్టరు. భార్య శ్యామలమ్మ జావ తాపుతాందట." ఆయన సారంగపాణి వైపు తిరిగాడు. "ఇంక నీ టేపు జేబుల పెట్టుకో పాణీ. ఆయన నోటితోనే వింటం."

"వింటం సార్. అప్పటిదాక ఒక గంట ఉంది."

"సారూ!" దీనమ్మ గడపలోకి పరుగున వచ్చింది. మొహంలో భయం, దాని కింద ఇంకేదో. "సారూ, పక్కింటి అక్క ఒక మాట చెప్తాంది. జర వినుండ్రి."

పిట్టగోడ అవతల సారలమ్మ నిలబడి ఉంది. చేతిలో ఎనిమిది నెలల పిల్లవాడు. బిడ్డల జ్వరాల గురించి, కషాయాల గురించి ఇద్దరూ మాట్లాడుకుంటుంటే వచ్చిన మాట అది.

"ఏం లేదు సారూ, పోరల సంగతి. మీకు నవ్వొస్తది" అంది సారలమ్మ.

"నవ్వం. చెప్పు."

"మాకూ ఈ ఇంటికీ నడిమి గోడ ఒకటే గదా. ఆ డబ్బాలు దబ్ దబ్ అంటే మా పోరడు పండుతడు. అందుకే ఊయల ఈ గోడకే కట్టిన. ఆదివారం అయిదుంబావుకు పాట మొదలైంది, పండుకున్నడు. మా ఆయనకు ఆరింటి డ్యూటీ. అయిదున్నరకు టిఫిన్ కట్టిన, అప్పుడు కూడ దబ్ దబ్ ఉంది. ఆయన పోంగనె పాట ఆగింది. మా గోడ గడియారం ఆరు కొడుతాంటె మళ్ళ మొదలైంది. గొంతు వినొస్తాంది గని దబ్ దబ్ లేదు. రేకు డబ్బాల పాడినట్టు. నడుమ చిటచిట. పోరడు లేచి ఏడుపు లంకించుకున్నడు."

"తర్వాత?"

"జర సేపటికి పాట అయిపోయింది. కర్ర్ కర్ర్ అనుకుంట తిరుగుతనే ఉంది. ఎవరు తియ్యరేంది అని తిట్టుకున్న. ఇగ సిద్దన్న అరిసిండు, ఉరికిన."

ఇన్‌స్పెక్టర్ గట్టిగా నవ్వాడు. "శెభాష్. సాక్షి పేరు ఊయల పోరడు. వయసు ఎనిమిది నెలలు. కోర్టుల ఏడిపిస్తవా పాణీ?"

"కోర్టుల కాదు, ఇక్కడే. జర ఆ కుర్చీల కూసోండ్రి. కళ్ళు మూసుకోండ్రి."

"నేనా?"

"మీ చెవులకు మించిన సాక్షి నాకు ఎవరున్నరు సార్?"

కిషన్ రావు గొణుగుతూ కూర్చున్నాడు. సారంగపాణి కొసలను మునుపున్నట్టే బిగించి పాట పెట్టాడు. గొంతు ఎక్కడో గోడల అవతల నుంచి వచ్చినట్టు పలచగా తేలింది. తబలా ఉందో లేదో తెలియడం లేదు. మధ్య మధ్య చిటపట.

"పాడెటోడు ఎక్కడున్నడు సార్?"

"ఎక్కడా లేడు. వాకిట్ల నిలబడి పాడుతాండు."

సారంగపాణి కుడి డబ్బా వెనుక కొసలు రెండూ అటుదిటు మార్చాడు. ఒక్కసారిగా తబలా నేలలోంచి లేచింది. కిటికీ అద్దం సన్నగా వణికింది. గొంతు సరిగ్గా కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరిచి, ఎదురుగా ఎవరో ఉన్నారేమోనని చూశాడు. గోడ అవతల నుంచి సారలమ్మ కేక వినిపించింది: "గిదే! గిదే సారూ మోత!"

"అరె" అన్నాడు కిషన్ రావు, చిన్నగా. "గీ వైరుల గింత కథ ఉందా?"

"ఇంతే ఉంది సార్. రెండు డబ్బాలు ఒక్కటే సారి ముందుకు తోస్తె మోత వస్తది. ఒకటి తోస్తాంటె ఒకటి గుంజితె, ఒకదాని మోత ఒకటి తింటది. అయిదున్నరకు వైరు సక్కగ ఉంది. ఆరింటికి ఉల్టా ఉంది. నడుమ అరగంటల ఎవరో కోసిన్రు, అతికిన్రు. సిద్దిరాములూ, ఆ అరగంట మీ బావ ఎక్కడుంటడు?"

"స్నానానికి పోతడు సారూ. రికార్డు ఒక పక్క విని, స్నానం చేసి వచ్చి రెండో పక్క వింటడు. రోజూ గంతే. చెమట ఒంటితోని వింటే పాట ఎక్కదంటడు."

"అది ఇంట్ల అందరికీ తెలుసు."

"ఊరందరికీ తెలుసు."

సారంగపాణి కుడి డబ్బా దగ్గరికి పోయి నిలబడ్డాడు. గదిలో అందరూ అతని చెయ్యి వైపే చూశారు.

"ఇప్పుడు చూడుండ్రి. ఆయన స్నానం చేసి వచ్చిండు. పాట పెట్టిండు. మోత లేదు. మామూలు మనిషి అయితే అట్లనే విని ఊకుంటడు. ఈయన ఊకోడు. పొద్దుగాలనే సాల్మన్ చూపెట్టిండు గదా, కొసలు ఉల్టా అయితే గిట్ల వినొస్తదని. నేరుగ డబ్బా వెనుకకు వస్తడు, స్టాండు పట్టి తిప్పుతడు." అతని చెయ్యి కడ్డీకి అంగుళం దూరంలో ఆగింది. "పాట చెడగొట్టింది పొరపాటు కాదు సార్. ఎర. ఆయన చెవినే గాలం చేసిన్రు."

ఇన్‌స్పెక్టర్ కడ్డీ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు.

"అయిదున్నరకు సాల్మన్ ఎక్కడున్నడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి.

"చర్చిల సారూ" అంది దీనమ్మ. "అయిదింటికెల్లి ఏడింటిదాక. మైకు సెట్టు ఆయనే చూస్తడు. ప్రార్థన నడుమ మైకు కుయ్యిమంటే పాస్టరయ్య అందరి ముందే కోపం చేసిండు. రెండొందల మంది విన్నరు. నిన్ననే చెప్పిన సారూ మీకు. రాసుకోలే."

కిషన్ రావు మొహం కందింది. కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ నేల వైపు చూశాడు.

"సరే. సాల్మన్ కాదనుకుందాం" అని ఆయన గిరుక్కున సిద్దిరాములు వైపు తిరిగాడు. "తాళం నీ దగ్గర. మొదలు చూసింది నువ్వు. ఆరు నలభైకి నువ్వొచ్చేసరికి ఆ నాలుగడుగుల వైరు మాయం. నువ్వే తీసి జేబుల వేసుకున్నవా?"

"నేనెందుకు తీస్త సారూ! ఆరు దాటిందాక షెడ్డులనే ఉన్న. ఇరవై మంది ఉన్నరు, అడుగుండ్రి. కొత్తవాడకెల్లి సైకిల్ మీద అరగంట. నాకు వైర్లంటేనే భయం."

"భయపడెటోని చెయ్యి చూపెట్టు."

సిద్దిరాములు కుడి చెయ్యి చాపాడు. చూపుడు వేలు రెండు గణుపుల మేర లేదు. "మూడేండ్ల కింద మరమగ్గంల పోయింది. బీడి పట్టుకునుడే కష్టం."

సారంగపాణి ఆ చెయ్యి చూసి, బీరువా వెనుక నుంచి వైరును వెలుతురులోకి లాగాడు. అతుకు దగ్గర పట్టుకొని అతని ముందు పెట్టాడు.

"నువ్వు చెయ్యలేవు. ఒప్పుకున్న. గని నేతపని తెలిసినోనివి. ఇది చూసి చెప్పు. నేను పదేళ్ళల లక్ష అతుకులు చూసిన, గిసుంటిది చూడలే."

సిద్దిరాములు వంగాడు. అతుకు మీద బొటనవేలితో రాశాడు. పొడి అంటుకుంది. వేలు చూసుకొని, గదిలోకి వచ్చాక మొదటిసారి, మనసారా నవ్వాడు.

"ఇది అచ్చు అతుకు గదా సారూ!"

"అంటే?"

"మగ్గం మీద పాత పడుగు అయిపోయినంక కొత్త పడుగు పోగులు దానికి అతకాలె. ఒక్కొక్కటి. రెండు మూడు వేల పోగులు ఉంటయి. ముడేస్తె దువ్వెన లెక్క ఉండే పన్నె పండ్లల ఇరుకుతది. అందుకని రెండు కొసలు జోడిచ్చి, బూడిద అద్దుకొని, బొటనవేలు చూపుడువేలు నడుమ గిట్ల రుద్ది పడుకోబెడుతరు. బూడిద లేకుంటే వేళ్ళు జారుతయి. చేతికి అలవాటైతే కళ్ళు మూసుకోని చేస్తరు." అతను వైరును ప్రేమగా తిప్పి చూశాడు. "రాగిని కూడ నూలు లెక్కనే అతికిన్రు. అరె, ఏం చెయ్యి సారూ!"

"బూడిద పడితె రాగి సరిగ ముట్టదు" అన్నాడు సారంగపాణి తనలో తను అనుకుంటున్నట్టు. "అందుకే ఆ చిటపట." తల ఎత్తాడు. "నువ్వు అతుకుతవా సిద్దిరాములూ?"

"నేనెక్కడ! మొదటి సంది మరమగ్గాల మీదనే. మా ఇంట్ల అచ్చు అతికేది ఆడోళ్ళే. మా అవ్వ అతికేది. అవ్వ కంటె మా అక్క. అక్క చెయ్యి పడ్డదంటె అతుకు ఎక్కడుందో నేసినోనికే..."

మాట అక్కడే తెగింది.

నవ్వు మాత్రం ఇంకా అతని మొహం మీదే ఉంది, దించడం మరచిపోయినట్టు. వైరు చేతిలోంచి జారింది. బొటనవేలికి అంటిన బూడిదను ధోవతికి తుడుచుకున్నాడు. పోలేదు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను అన్లే సారూ" అన్నాడు. "నేనేం అన్లే. మా అక్క గుడికి పోయింది ఆదివారం. అయిదున్నరకు పోయి ఏడింటికి వచ్చింది. రాసుకున్నరు గదా మీరు. ఇన్‌స్పెక్టర్ సారూ, రాసుకున్నరు గదా?"

సారంగపాణి యాదవ్వ వైపు తిరిగాడు.

"యాదవ్వా, ఆదివారం నువ్వు అమ్మ గుడికి పోవుడు చూసినవా?"

"నేను లేను సారూ. ఆదివారం అయిదింటికే నన్ను ఇంటికి పొమ్మన్నది. ఎన్నడూ ఏడు దాటకుంట పంపది. బిడ్డను చూసుకోపో అన్నది. మంచిదే అని పోయిన." ఆమె మాట తడబడింది. "పొద్దుగాల ఆ మెకానిక్ కొసలు మారుస్తాంటె అమ్మనే అడిగింది, ఏది ఎటు పెడితె మోత పోతది బాబూ అని. పాట మీద గింత మోజెప్పుడొచ్చింది అమ్మకు అనుకున్న."

సారంగపాణి గది నడుమ కొత్త సిమెంటు వైపు చూశాడు. మనిషి కాళ్ళు పెట్టుకునేంత చోటు.

"యాదవ్వా, ఇంకొక్క మాట. పొద్దుగాల దవాఖానకు జావ ఎవరు కట్టిన్రు?"

"నేనే. స్టీలు డబ్బాల పోసి సంచిల పెట్టిన."

"సంచిల ఇంకేమున్నయి?"

"చెంచా, తువ్వాల..." యాదవ్వ ఆలోచించింది. "అడుగున వైరు చుట్ట ఉండె. అద్దం లెక్క తెల్లగ మెరుస్తాంది. లోపల ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఏందమ్మా ఇది అన్న. డబ్బా మూత ఊడకుంట కడుత అన్నది."

"జీపు తియ్యి!" అని కిషన్ రావు కానిస్టేబుల్‌ను బయటికి తోశాడు. అప్పటికే సారంగపాణి హాల్లో ఫోను దగ్గర ఉన్నాడు. పదకొండు నలభై రెండు. డయల్ తిరిగి వెనక్కి వచ్చే ఒక్కొక్క అంకెకూ ఏడాది పట్టినట్టుంది. దీనమ్మ అతని పక్కకు వచ్చి నిలబడింది. ఆమెకు అంతా అర్థమైంది. ఆ మంచం మీది మనిషి మాట్లాడితేనే తన మనిషి ఇంటికి వస్తాడు. మాట్లాడకపోతే ఈ బూడిదనూ ఊయలనూ ఏ కోర్టు నమ్ముతుంది?

"హలో, దవాఖాననా? మేల్ వార్డు సిస్టరేనా? బాలకిషన్ మంచం దగ్గర కానిస్టేబుల్ ఉన్నడా?"

"ఇప్పుడే చాయకు పోయిండు సార్. పేషెంటు భార్యనే పొమ్మన్నది. పాపం పొద్దుటి సంది నిలబడ్డడని" అంది నర్సు గొంతు.

"మంచం ఇనుపదా?"

"అన్నీ ఇనుపయే గదా సార్."

"పక్క గోడకు ప్లగ్గు ఉందా?"

"ఉంది. టేబుల్ ఫ్యాను పెట్టినం. ఇందాకనే ఆమె ఆ ఫ్యాను ప్లగ్గు తీసేసింది. ఆయనకు చలి పెడుతాందని."

"సిస్టర్! ఉరుకుండ్రి! మంచం ముట్టకుండ్రి, ఆయనను ముట్టకుండ్రి. గోడ మీద స్విచ్చు ఆపుండ్రి. ముందు స్విచ్చు!"

అవతల రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. పరుగెత్తే చెప్పులు. ఒక తలుపు గోడకు కొట్టుకుంది. స్టీలు డబ్బా నేల మీద దొర్లింది. ఆ తర్వాత ఒక కేక.

పదేళ్ళు తీగల మీద ఎన్ని వేల గొంతులనో గుర్తుపట్టిన సారంగపాణి, రిసీవరును చెవికి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ కేక ఆడమనిషిదో మగమనిషిదో అతనికి తెలియలేదు.